రేసు బండి ముందు ఏడు కుండలు

రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఐటీఐ పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళకు కావాల్సినవన్నీ ఇంజను సంగతులు. పిస్టన్ ఎప్పుడు మార్చాలి, కార్బురేటర్ ఎట్లా సర్దాలి, ఏ బండి ఎంత ఉరుకుతుంది. బ్రేకు గురించి అడిగినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. వాళ్ళను తప్పుపట్టను. ఆ వయసులో నేనూ అట్లాగే ఉండేవాణ్ణి, అందుకే ఒక మనిషిని చంపబోయాను.

నా పని కరీంనగర్ బస్టాండు వెనక రేకుల షెడ్డులో మొదలై, ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబావుల వర్క్‌షాపులో ముగిసింది. ఏ సంవత్సరం ఏ ప్రమోషన్ వచ్చిందో నా సర్వీసు పుస్తకంలో ఉంది. దాన్ని ప్రస్తుతం చెదపురుగులు శ్రద్ధగా చదువుతున్నాయి. నేను రాస్తున్నది ఒక రేసు బండి గురించి. దాని మీద నేర్చుకున్నంత తర్వాత ఏ సర్కారు ట్రైనింగులోనూ నేర్చుకోలేదు.

*అయితది దొరా*

ధర్మపురి రోడ్డు మీద ఒక ఊరు. పేరు రాయను. అక్కడి దొర ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకు చదువు కూడా వచ్చు. అప్పటికి పోలీసు యాక్షన్ అయింది, జాగీర్లు పోయాయి, ఆంధ్రప్రదేశ్ వచ్చి కూడా నాలుగైదేళ్ళు అయింది. దొరతనం రద్దయిందని కాగితాల మీద అచ్చయింది. ఆ ఊళ్ళో మాత్రం ఆ కాగితం ఎవరూ చదివినట్టు లేదు. దొర మోటారు వస్తుంటే ఎడ్లబండ్లు పొలాల్లోకి దిగేవి, సైకిలు మీద పోయేవాళ్ళు దిగి చెప్పులు విడిచి నిలబడేవాళ్ళు.

ఆ ఇంటి కొడుకును చిన్నదొర అనేవారు. ముప్పై ఏళ్ళుంటాయి, హైదరాబాదులో చదివాడు, చేయడానికి పని లేదు. బొగ్గుబావుల ఆఫీసర్లు గోదావరి అవతల, యుద్ధకాలంలో విమానాల కోసం చదును చేసి వదిలేసిన మైదానంలో మోటారు పందెం పెట్టుకుంటున్నారని ఆయన చెవిన పడింది. వెంటనే మా షెడ్డుకు వచ్చాడు.

"ఓదెలూ, మా బాపు కొన్న పాత మోటారున్నది గదా. దాన్ని రేసు బండి చేస్తవా?"

"అయితది దొరా" అన్నాను.

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. మా దిక్కు దొర ఏది అడిగినా జవాబు అదే. బావి తవ్వుడు అయితదా అంటే అయితది. వాన కురుస్తదా అంటే అయితది. నాకు పని నేర్పిన ఉస్తాద్‌కు ఈ మాట వింటే ఒళ్ళు మండేది. "అయితది అనెటోడు మేస్త్రీ కాడురా, కవుల ముషాయిరాల కూసోని వాహ్వా అనెటోడు" అనేవాడు. ఆ రోజు ఉస్తాద్ ఊళ్ళో లేడు. నేను వాహ్వా అన్నాను.

*ఖర్చు కావద్దు, గెలువాలె*

చిన్నదొర పెట్టిన షరతు ఇదొక్కటే. డబ్బు లేక కాదు, రేసుకు డబ్బు పెట్టాలంటే పెద్దదొర ఒప్పుకోవాలి. పెద్దదొరకు మోటారు అంటే పెళ్ళిళ్ళకు పోయే సాధనం.

పాత బండి బరువు తగ్గించడంతో మొదలుపెట్టాం. తలుపులు, వెనక సీటు, పైకప్పు, బంపర్లు అన్నీ ఊడబీకాను. పైకప్పు రేకు పెద్ద దొరసాని కోళ్ళ గూడు మీదికి ఎక్కింది, ఆ బండి మొత్తంలో ఎక్కువ కాలం పనికొచ్చిన భాగం అదే. ముందు సీట్లు తీసేసి మేదరి ఆయనతో వెదురు సీట్లు అల్లించాం. డ్రైవరు ఎగిరి పడకుండా మంచాలకు వేసే నవారు రెండు వరసలు కుట్టించి నడుముకు కట్టుకునేట్టు చేశాను. బండి మీద చివరికి మిగిలిన అలంకారం ఒక్క హారన్. మూరెడు పొడుగు ఇత్తడి బూర. అది కూడా తీసేద్దామన్నాను.

"హారన్ లేకుంటె జనాలకు నేనొస్తున్నట్టు ఎట్ల తెలుస్తది?" అన్నాడు దొర.

రేసులో జనాలుండరు అని చెప్పాలి. "అవును దొరా" అన్నాను.

కార్బురేటర్‌లో పెట్రోలు మీద తేలే ఇత్తడి బుడ్డి చిల్లిపడి ఉంది. కొత్తది హైదరాబాదులో కూడా దొరకలేదు. కరీంనగర్‌లో వెండి తీగతో పన్నీరు బుడ్లు, పాన్‌దాన్లు చేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన రెండు రోజులు పెట్టుకుని, వెండితో అతికి, అతుకు మీద చిన్న పువ్వు చెక్కి ఇచ్చాడు. "పెట్రోల్ల మునిగుండే దానికి పువ్వెందుకు తాతా?" అని నవ్వాను. "మనం చూడకుంటె పువ్వు కాకపోతదా?" అన్నాడు. ఆ అతుకు ఎన్నడూ కారలేదు. ఆ బండిలో సిసలైన పనివాడు చేసిన పని అదొక్కటే, నా పని కూడా కలిపి చెబుతున్నాను.

ఇక బ్రేకు. చక్రాల డ్రమ్ములు విప్పి చూస్తే, లోపల పట్టుకోవాల్సిన బ్రేకు పట్టీలు నూనెలో వేసిన వడల్లా నానిపోయి ఉన్నాయి. ఇరుసు సీలు పోయి ఎన్నేళ్ళ నుంచి కారుతోందో తెలియదు. సీలు మార్చాను. కొత్త పట్టీలకు ఖర్చు పెట్టవద్దన్నారు కాబట్టి, రైసుమిల్లులో తెగిపోయిన బెల్టు ముక్కలు కోసి, రివిట్లు కొట్టి పెట్టాను. మెల్లగా నడిపి తొక్కి చూస్తే ఆగింది. బ్రేకు అయిపోయింది అనుకున్నాను.

ఇక్కడ ఆగి చదవండి. నా తప్పు ఇక్కడుంది. బెల్టు ముక్కలు పెట్టడం చిన్న తప్పు. పెద్ద తప్పు ఏమిటంటే, అట్లాంటి బ్రేకులతో ఈ మనిషి ఇన్నేళ్ళు బండి ఎట్లా నడిపాడు అని నన్ను నేను అడుక్కోలేదు. "బ్రేకు ఎప్పుడన్న తకరారు పెట్టిందా దొరా?" అని అడిగితే "ఎన్నడు పెట్టలే" అన్నాడు. నేను సంతోషపడ్డాను.

*గఫూర్ లారీ*

బండి ఎంత ఉరుకుతుందో ఎట్లా తెలియాలి? స్పీడు చూపే ముల్లు పెద్దదొర పెళ్ళినాడే విరిగిందట. అందుకని ఇంకో బండితో పోల్చుకోవడమే దిక్కు.

గఫూర్ భాయ్ అని ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టరు దగ్గర పని. చెన్నూరు అడవుల వైపు ఖాళీ లారీతో పోతూ వారానికోసారి ఆ ఊరి మీదుగా వెళ్ళేవాడు. మిలిటరీ వేలంలో కొన్న పెట్రోలు లారీ, ఖాళీగా ఉంటే గాలికి లేచేది. ఊరి చివర మైలురాయి నుంచి వాగు వంతెన దాకా రోడ్డు తిన్నగా ఉంటుంది. ఇద్దరూ ఒక్కసారే బయల్దేరతారు. నేను వంతెన మీద నిలబడి, దొర బండి దాటాక లారీ వచ్చేదాకా ఒకటి, రెండు అని లెక్కపెడతాను.

మొదటిసారి అయిదు. ప్లగ్గులు సర్దాను, తర్వాతి వారం ఇరవై. కాయిల్ మార్చాను, ముప్పై. సైలెన్సర్ తీసేసి పాత బాయిలరు గొట్టం బిగించాను, నలభై అయిదు. ప్రతి అంకె నోట్‌బుక్కులో రాసుకున్నాను. షెడ్డులో ఆ నోట్‌బుక్కు చూపించని మనిషి లేడు. హైదరాబాదు నుంచి పిలుపు వస్తుందని కూడా అనుకున్నాను.

పందెం నాలుగు రోజులుందనగా గఫూర్ ఏదో రిపేరుకు షెడ్డుకు వచ్చాడు. నేను ఊరుకోలేదు.

"నలభై అయిదు, గఫూర్ భాయ్. ఇగ నీ లారీ నా బండి ముందట నిలుస్తదా?"

గఫూర్ బీడీ చేతిలోకి తీసుకున్నాడు. "మేస్త్రీ, బురా మానొద్దు, ఏమనుకోకు. నేను టాప్ గేరే వెయ్యలే."

"ఎన్నడు?"

"ఎన్నడు వెయ్యలే. మొదటిసారి జర ఉరికిస్తె దొర వెనకాలకే పోయిన. గుండె ఝల్లుమన్నది. దొర బండిని దాటినంక గా ఊర్ల నా రేడియేటర్ల చెంబెడు నీళ్ళు పోస్తరా ఎవలన్న? గప్పటి సంది థర్డ్ గేరే."

"మరి లెక్క ఎట్ల పెరిగింది?"

"నువ్వు సంబరపడుతుంటివి. నీ దిల్ ఎందుకు ఇరగ్గొట్టాలె అని ఇంకింత మెల్లగ వచ్చిన."

నా నోట్‌బుక్కులో ఒక్క అంకె తప్పు లేదు. నేను కొలిచింది మాత్రం ఇంజను బలాన్ని కాదు, గఫూర్ మర్యాదను. నవ్వు రావాల్సిన మాటే. గఫూర్ నవ్వాడు. నాకు రాలేదు, ఎందుకంటే నూనెలో నానిన ఆ బ్రేకు పట్టీలు అప్పుడు గుర్తొచ్చాయి. దారి మీద ఒక్క లారీయే మర్యాద చూపిస్తే సరే. ఎడ్లబండ్లు, సైకిళ్ళు, మేకలమందలు, మనుషులు, అన్నీ చూపిస్తున్నాయి. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగిన తర్వాత గట్టిగా బ్రేకు తొక్కాల్సిన అవసరమే పడలేదు. ఇప్పుడు ఆయన పోయేది బొగ్గుబావుల ఆఫీసర్ల మధ్యకు, నాగపూర్ నుంచి వచ్చే కాంట్రాక్టర్ల మధ్యకు. వాళ్ళకు ఈయన ఎవరో తెలియదు, జరగరు. ఈయన ఆగాలి. ఆగేందుకు ఉన్నవి రైసుమిల్లు బెల్టు ముక్కలు.

అంతకు వారం ముందు చిన్నదొర భార్య, చిన్నదొరసాని, నన్ను గడి అనే ఆ దొరల మేడ వెనక వాకిట్లోకి పిలిపించి ఒక్క ప్రశ్న అడిగింది.

"మంచిగ ఉరుకుతదని అందరు చెప్తున్నరు. గది ఆగుతదా ఓదెలూ?"

"ఆగుతది దొరసానీ" అని చెప్పి వచ్చాను.

*ఏడు కుండలు*

గఫూర్ పోయాక అద్దె సైకిలు మీద ఆ ఊరికి పోయాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. దొర ముందు నిలబడేసరికి అన్నీ ఎటో పోయాయి.

"దొరా, బ్రేకు ఇంకోపారి జర చూస్త."

"మంచిగున్నదంటివి గదా?"

"ఉన్నది దొరా. కాని పందెంల ఒక గీత గీస్తరట. గీత కాడ బ్రేకు తొక్కి, చెప్పిన దూరంల ఆగకపోతే పేరు కొట్టేస్తరట."

అట్లాంటి నియమమేదీ లేదు. నిజం బయటికి రావడానికి ఇంకో అబద్ధం ఆడాల్సి వచ్చింది, మా దిక్కు నిజాలు సాధారణంగా ఈ దారినే వస్తాయి. పేరు కొట్టేస్తారనేసరికి దొర ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీశాను. అక్కడి నుంచి అరవై అంగలు కొలిచాను. బ్రేకు బ్రేకయితే ఆ దూరంలో బండి ఆగాలి. అక్కడ గుర్తుకు ఎవరినన్నా నిలబెట్టవచ్చు, కానీ మనిషిని నిలబెడితే జరుగుతాడు. కుమ్మరి లచ్చయ్యను అడిగి ఏడు కుండలు తెప్పించి రోడ్డుకు అడ్డంగా వరసగా పెట్టాను. కుండలకు దొర ఎవరో తెలియదు.

ఊరు ఊరంతా గట్ల మీద నిలబడింది. దొర మైలురాయి నుంచి బయల్దేరాడు. బండి బాగానే వచ్చింది. గీత మీద బ్రేకు తొక్కాడు, అది నేను కళ్ళారా చూశాను. చక్రాల్లోంచి కమురు వాసన, పొగ. బండి ఎడమకు గుంజింది. కుండలు కనిపించేసరికి దొర చెయ్యి అలవాటు కొద్దీ హారన్ మీదికి పోయింది. బూర మోగింది. కుండలు జరగలేదు. ఏడూ పగిలాయి. బండి ఇంకో యాభై అంగలు పోయి ఆగింది.

లచ్చయ్య ఒక్కడే, ఏదో ఒకటి అనాలని కాబోలు, "ఫికర్ లేదు దొరా, పగిలేటందుకే తెచ్చిన" అన్నాడు.

దొర దిగి, పెంకుల దాకా నడిచి వచ్చాడు. గీత వైపు చూశాడు, గట్ల మీది జనం వైపు చూశాడు. ఆయనకు తెలివి లేదని నేనెప్పుడూ అనలేదు.

"అంటే గిన్నేండ్లు నా బండి ఆగలే" అన్నాడు. "జనమే జరిగిండ్రు."

నేను వంగి పెంకులు ఏరడం మొదలుపెట్టాను.

"నాకెందుకు చెప్పలే నువ్వు?"

"తెల్వదు దొరా" అన్నాను. అది ఆ బండి మీద నేనాడిన ఆఖరి అబద్ధం.

నీళ్ళు తాగడానికి గడి వెనక్కి పోతే దొరసాని వాకిట్లోనే నిలబడి ఉంది. దండం పెట్టి, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను అన్నాను.

"నాకు తెలుసు" అంది. "గా బండిల నేను కూసుంట గదా. మలుపు కాడ జనాలు పిల్లలను గుంజుకొని ఉరుకుతుంటె చూస్త."

"మరి దొరకు మీరెందుకు చెప్పలే?"

"నువ్వెందుకు చెప్పలేదో గందుకే."

మిగిలిన రెండు రోజులూ బండిని షెడ్డుకు తెచ్చుకుని దాని కిందే ఉన్నాను. గఫూర్ తన లారీ కోసం దాచుకున్న కొత్త బ్రేకు పట్టీలు ఇచ్చాడు. థర్డ్ గేరు పాపానికి ప్రాయశ్చిత్తం అనుకోమన్నాడు. అవి మందంగా, పెద్దవిగా ఉంటాయి. రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసి, రాగి రివిట్లు కొట్టాను. నాలుగు చక్రాలు ఒక్కసారే పట్టేట్టు బ్రేకు కడ్డీలు సర్దాను. బండిని ఊరికి తీసుకుపోయాక మళ్ళీ గీత, మళ్ళీ లచ్చయ్య కుండలు. ఒకసారి రెండు పగిలాయి. ఇంకోసారి బండి కుండలకు బారెడు ఇవతల ఆగింది.

"గింతే దొరా. దీని కంటె ముందు ఆగది" అన్నాను. "పందెంల ఎవలన్న ముందుంటె, గీ దూరం చూసుకొని తొక్కుండ్రి."

దొరకు లెక్క కట్టి నిజం చెప్పడం అదే మొదటిసారి. ఆకాశం ఊడి మీద పడలేదు. ఆయన తలూపాడు, అంతే.

*పందెం*

రెండు పడవలు జోడించి కట్టి, పలకలు పరిచి, బండిని గోదావరి దాటించాం. మైదానంలో ఆరు బండ్లు. గుండ్రంగా పది చుట్లు.

మా బండి బలం ఎంతో మొదటి చుట్టులోనే తేలింది. బొగ్గుబావి ఆఫీసర్లలో ఒకాయన తన పాత కారుకు రంగు కూడా వేయకుండా తెచ్చాడు. అదీ మమ్మల్ని దాటింది. దొర ముందున్నవాళ్ళను చూసి హారన్ కొట్టాడు. ఒక్కడూ జరగలేదు. రెండో చుట్టులో మళ్ళీ కొట్టాడు. చూసే జనం నవ్వారు. ఇంకో రోజైతే నేను కూడా నవ్వేవాణ్ణి, ఆ రోజు నా కళ్ళు ఆ నాలుగు చక్రాల మీదే ఉన్నాయి.

అయిదో చుట్టు మలుపులో నాగపూర్ కాంట్రాక్టరు బండి జారి, గిర్రున తిరిగి, దారికి అడ్డంగా ఆగిపోయింది. ఇంజను ఆగింది, మనిషి లోపలే ఉన్నాడు. వెనక మా బండి. ఈసారి హారన్ మోగలేదు. చక్రాలు నాలుగూ ఒక్కసారే పట్టాయి. దుమ్ము లేచి ఏమీ కనిపించలేదు. నాకు దేవుళ్ళ పేర్లు అంతగా రావు, వచ్చినవన్నీ అనుకున్నాను.

దుమ్ము అణిగాక చూస్తే రెండు బండ్ల మధ్య మూరెడు జాగా ఉంది. కాంట్రాక్టరు తలుపు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. దొర స్టీరింగు వదలలేదు. నేనే పోయి నవారు ముడి విప్పాను.

కాంట్రాక్టరు మళ్ళీ ఇంజను స్టార్టు చేసుకుని పోయాడు, మేము అక్కడితో ఆగిపోయాం. పందెంలో మేము ఆరో నంబరు. ఆరింటిలో.

మీకు చెప్పదలచుకున్నది ఇది. ఆ తర్వాత బొగ్గుబావుల్లో నాకు పై అధికారులుగా పెద్దపెద్ద సాబులు వచ్చారు. "మిషన్ తయారా?" అంటే "తయార్ సాబ్" అనడం నాకూ వచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చిన ప్రతిసారీ లోపల కుండలు పగిలిన చప్పుడు వినిపించేది, ఇంకోసారి చూసి చెప్తానని పోయేవాణ్ణి. పై అధికారి సంతోషంగా ఉన్నప్పుడు తీసుకున్న కొలతను నమ్మకండి. మీరు సంబరంగా ఉన్నప్పుడు తీసుకున్నదాన్ని అసలు నమ్మకండి.

*తిరుగుదారి*

గోదావరి దాటి ఇంటికి వస్తున్నాం. దొర నడుపుతున్నాడు, పక్కన నేను. ఊరికి ఒక మైలు ఉందనగా ముందు మక్కజొన్నల బస్తాలతో ఎడ్లబండి కనిపించింది. దొర చాలా దూరం నుంచే బ్రేకు మీద కాలు పెట్టాడు. హారన్ ముట్టలేదు. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను.

బండివాడు బాయిలరు గొట్టం చప్పుడు విన్నాడు. వెనక్కి కూడా చూడలేదు. ఎడ్లను అదిలించి ఒక్క ఉదుటున పక్కనున్న కాలువలోకి దింపాడు. బండి ఒరిగి బస్తాలు జారిపడ్డాయి. ఒకటి పగిలి మక్కలు బురదలో పోయాయి. మా బండి రోడ్డు మధ్యలో మెత్తగా ఆగి నిలబడింది.

బండివాడు మోకాళ్ళ లోతు బురదలో చేతులు కట్టుకుని, "తప్పయింది దొరా, జరుగుడు జర ఆలస్యమైంది" అన్నాడు.

దొర నా వైపు తిరిగాడు. "నేను ఆగిన గదా ఓదెలూ. వాడెందుకు జరిగిండు?"

"మీ బండి ఆగుతదని వానికెవలు చెప్పిండ్రు దొరా?" అన్నాను.

దొర బండి దిగి కాలువ గట్టున నిలబడ్డాడు. నేను బురదలోకి దిగి ఒక బస్తాకు ఒక కొస పట్టుకుని, రెండో కొస కోసం గట్టు వైపు చూశాను. చివరికి రెండో కొస ఆ బండివాడే పట్టాడు.